వెనక ఉంచిన పెట్టె

మా ఆయన కాలు ఒకచోట నిలవదు. పూలు ఎక్కడుంటే అక్కడికి తేనెటీగల పెట్టెలు మోసుకుపోవడమే మా బతుకు. ఇక్కడ పొద్దుతిరుగుడు వాడిపోయినప్పటి నుంచీ ఆయనకు కుదురు లేదు. నాకూ లేదు. మా అమ్మాయికి ఆరో తరగతిలోనే ఇది మూడో బడి. ఎల్లుండి మొదలయ్యే పరీక్షలు పన్నెండు రోజుల్లో అయిపోతాయి. అవి రాయకపోతే మళ్ళీ అదే తరగతి.

"పూలు లేనిచోట ఈగలు పస్తుంటాయే," అంటాడు.

"ఈగల మీదున్న జాలి కూతురి మీద లేదేం?" అంటాను.

చీకటిపడ్డాక రావాల్సిన లారీ ఆవేళ మధ్యాహ్నమే వచ్చి హారన్ కొట్టింది. డ్రైవరుకు వేరే లోడు ఉందట. ఈయన గబగబా పెట్టెల తలుపులు మూసేస్తున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మేతకెళ్ళిన ఈగలు పొద్దుగూకితేగా ఇల్లు చేరేది!

"సగం ఈగలు బయటే ఉన్నాయి. పిల్ల బడిలో ఉంది. ఎవరొచ్చినా రాకపోయినా బండి కదలాల్సిందేనా?"

"పిల్లని దారిలో ఎక్కించుకుందాం. బయటున్న ఈగలు చేరడానికి ఒక పెట్టె ఉంచుదాంలే."

అలా ఉంచితే పెట్టెకు కాపలాగా ఒక మనిషి ఆగాలి. అది మా పనిలో మామూలే. ఎక్కించిన చాప, పొయ్యి లారీలోంచి దించేశాను.

"ఆ మనిషిని నేనే. పిల్ల కూడా నాతోనే ఉంటుంది."

"మొండిఘటానివే నువ్వు! రేపు పాలవ్యానులో పెట్టె వేసుకుని వచ్చెయ్," అని ఆయన వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చిన ఈగలు ఇంతకుముందు తమ పెట్టెలున్న ఖాళీ నేల మీద గిరగిరా తిరిగాయి. వాటితో పాటు నేనూ అటూ ఇటూ తిరిగాను. ఇంతలో మా అమ్మాయి రోడ్డు మీద పరుగెత్తుకుంటూ వచ్చింది. ఒక కాలికి చెప్పు లేదు.

"కిటికీలోంచి లారీ చూశానమ్మా! నన్ను వదిలేసి పోయారనుకున్నా," అని నన్ను కరుచుకుపోయింది. ఇద్దరం ఏడ్చాం.

పొద్దుగూకాక ఆయన ఫోన్ చేశాడు. "ఈగలన్నీ చేరాయా?"

పెట్టె బయట ఒక్క ఈగ లేదు. పక్కన చాప మీద పిల్ల లెక్కలు చేసుకుంటోంది.

"ఎక్కడండీ! సగం ఇంకా రానేలేదు. పన్నెండు రోజులు పట్టేలా ఉంది."

ఇరవై ఏళ్ళుగా ఈగలు పెంచుతున్న మనిషి. ఒక్క సాయంత్రంలో అవన్నీ ఇల్లు చేరతాయని ఆయనకు తెలీదా?

"సరే," అన్నాడు. "ఆఖరి పరీక్ష అయ్యాకే తలుపు ముయ్యి."