మొహమాటం టేపు

ఆ దర్జీ షాపులో కొలతలు చెప్పేది టేపే. దర్జీ దాన్ని ఒంటి చుట్టూ తిప్పితే చాలు, గట్టిగా అంకె చెప్పేది, అతని భార్య పుస్తకంలో రాసుకునేది. కాకపోతే దానికి మహా మొహమాటం. ఎంత పొట్టున్న మనిషికైనా రెండంగుళాలు తగ్గించే చెప్పేది. దర్జీ కిక్కురుమనకుండా చేతి అంచనాతో సరైన కొలతకే గుడ్డ కత్తిరించేవాడు. వచ్చినవాళ్ళ ఒంటి గురించి నోరెత్తకపోవడం దర్జీల వృత్తిలో మర్యాద.

ఆ మర్యాదే కొంప ముంచబోయింది. దర్జీ అక్క మొగుడు బళ్ళో లెక్కల మాస్టారు. ఏడాదిలో మూడు చొక్కాలు కుట్టించాడు. టేపు మూడుసార్లూ మెడ పదిహేనున్నరే అంది, దర్జీ మూడుసార్లూ కాలరు కాస్త వదులు చేశాడు. ప్యాంటు మాత్రం నడుము దగ్గర రెండంగుళాలు లోపలికి కుట్టాల్సొచ్చింది. నడుము తగ్గుతూ మెడ పెరిగే మనిషిని ఎక్కడైనా చూశామా? బుర్ర ఉండక్కర్లా? నాలుగో చొక్కా దగ్గర గానీ దర్జీకి వెలగలేదు.

టేపు మళ్ళీ పదిహేనున్నర అనబోయింది.

"మొహమాటం పక్కనపెట్టు. ఈయన మా అక్క మొగుడు," అన్నాడు దర్జీ.

టేపు కాసేపు నసిగింది.

"పదహారున్నర. అందులో అంగుళం గడ్డది."

మాస్టారు కొట్టిపారేశాడు. నొప్పే లేదట. గొంతు బొంగురుపోయింది పిల్లల మీద అరిచి అరిచేనట. దర్జీ పట్టపగలే షాపు మూసి, బావ చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళాడు. డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దింపి గొంతు చూసింది, గడ్డలో సూది గుచ్చి పరీక్షకు పంపింది. క్యాన్సరే. గొంతులో పుట్టి మెడలోకి పాకింది గానీ ఇంకా కిందికి దిగలేదు, నయం చెయ్యొచ్చంది. ఇంకో ఆరు నెలలు ఆగుంటే ఈ మాట అనగలిగేదాన్ని కాదని కూడా అంది. అక్క ఆ రోజంతా తమ్ముడి చెయ్యి వదల్లేదు.

ఏడు వారాలు, వారానికి ఐదు రోజులు, తల కదలకుండా ముఖానికి వలలాంటి ముసుగు బిగించి మెడకు రేడియేషన్ ఇచ్చారు. నోరంతా పూసి, గుక్కెడు నీళ్ళు మింగడానికి మాస్టారు కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు, చిక్కి సగమయ్యాడు. మరో మూడు నెలలకి స్కాన్ తీసి, ఏమీ మిగల్లేదంది డాక్టరమ్మ. మాస్టారికి నమ్మకం కుదరలేదు. నేరుగా షాపుకొచ్చి మెడ చాపాడు.

దర్జీ టేపు అందుకున్నాడు. టేపు మెల్లగా చుట్టుకుంది.

"పద్నాలుగున్నర. గడ్డ లేదు."

"మొహమాటానికి అనట్లేదు కదా?" అన్నాడు మాస్టారు.

"మెడల విషయంలో మానేశాను," అంది టేపు.

మాస్టారు అక్కడే స్టూలు మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. తర్వాత ముక్కు తుడుచుకుని, కాలరు సరిగ్గా ఆ కొలతకే కుట్టమన్నాడు.