స్టీరింగ్ ఎరగని డ్రైవరు

మూడో స్టీరింగే నయమేమో, చేతికి బరువుగా ఆనుతోంది, మొదటిది తిరునాళ్ళలో కొన్న బొమ్మలా ఉంది, తిప్పితే లోపల పళ్ళచక్రాలు కరకరలాడుతున్నాయి, రెండోదానికి బెల్టు ఉందిట, మెత్తగానే తిరుగుతోంది గాని దాని బ్రేకు పెడల్ మరీ దూదిలా దిగిపోతోంది, మూడోదానిలో పళ్ళూ లేవు బెల్టూ లేదు, మోటారునే తెచ్చి నేరుగా స్టీరింగ్‌కి బిగించేశారట, అని దుకాణం బెంగాలీ దాదా హిందీలో చెబుతుంటే గిరిబాబు అంతా తెలిసినవాడిలా తల ఊపుతున్నాడు, ఊపక ఏం చేస్తాడు, లోపలికి అడుగు పెట్టగానే కూతురు ఆమని చాటింపు వేసేసింది కదా, మా నాన్న లోకో పైలట్, ఇరవై మూడేళ్ళ సర్వీసు, కంప్యూటర్లో కార్ల ఆటకి ఏ స్టీరింగ్ మంచిదో ఆయనే చూసి చెబుతారని, దాంతో ఆ దాదా కుర్చీ తుడిచి మరీ బొషున్ దాదా బొషున్ అని కూర్చోమన్నాడు, గోల్ బజార్‌లో ఒక మనిషి తనకు కుర్చీ తుడవడం ఇదే మొదలు, మామూలు రోజైతే ఛాతీ రెండంగుళాలు పెరిగేది, ఇవాళ మాత్రం సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది, ఎందుకంటే సాయంత్రం ఆరింటికి నిమ్‌పురా యార్డులో బొగ్గు గూడ్సు ఎక్కాలి, ఎక్కితే ఆ బండిని నడిపేది ఈ కళ్ళు కావని లోకంలో తనొక్కడికే తెలుసు.

కళ్ళు మోసం చేసి మూడు నెలలయింది, ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం దూరాన సిగ్నల్ కనబడింది, రంగు కనబడలేదు, పసుపో ఎరుపో ఎంత చూసినా తేలలేదు, ఆలోగానే పక్కసీటులో అసిస్టెంటు వాసుదేవ్ చెయ్యెత్తి ఎల్లో అని పలికాడు, తనూ చెయ్యెత్తి ఎల్లో అన్నాడు, ఇంజన్‌లో పద్ధతే అది, ఇద్దరూ ఎవరి కళ్ళతో వాళ్ళు చూడాలి, చూసింది పైకి పలకాలి, ఒకడు పొరబడితే రెండోవాడు పట్టుకోవాలి, ఆ రోజు నుంచి తను మాత్రం వాసుదేవ్ పలికేదాకా ఆగి అదే మాట పలుకుతున్నాడు, పూజలో పంతులు వెనకాల మంత్రం చెప్పినట్టు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఎంతసేపు, వెళితే ఆయన కాగితం మీద ఒక ముక్క రాస్తాడు, ఇంజన్ దింపేస్తారు, ఏ మూలో బల్ల చూపించి రిజిస్టరు చేతికిస్తారు, క్వార్టర్ల వాళ్ళు ఏటి గిరిబాబూ, కుర్సీ ఉజ్జోగమా అంటారు, మొన్నటికి మొన్న భార్య చంద్రావతి పెరట్లోంచి ఏటయ్యా, పోపులో మిరపకాయలు మాడతన్నాయేమో సూడు అంటే, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా కళ్ళకేటైందే అని ఎగిరిపడ్డాడు, ఆవిడ కొత్తిమీర కట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయింది, తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నానా, ఏటాలోసిస్తన్నావు, కూకో, ఒక రౌండు తోలి సూడు, అంటోంది ఆమని, ఇన్నాళ్ళూ కీబోర్డు మీటలు నొక్కుకుంటూ ఆడిన పిల్ల, కాలేజీ జట్టులో చోటు వచ్చింది, వచ్చే నెల పందేలు, అందుకే ఈ స్టీరింగ్, సరే అని కూర్చున్నాడు, తెర మీద కార్లు వరసగా నిలబడ్డాయి, పైన ఐదు దీపాలు ఒక్కొక్కటే వెలిగాయి, ఇంత దగ్గర కాబట్టి ఎరుపని తెలుస్తోంది, హమ్మయ్య అనుకునేలోగా ఐదూ ఒక్కసారి ఆరిపోయాయి, గిరిబాబు కదల్లేదు, ఆరిపోయిన సిగ్నల్ అంటే ఎర్ర సిగ్నల్ కిందే లెక్క, రైలు నడిపినవాడెవడూ దాన్ని దాటడు, పక్క నుంచి కార్లన్నీ రయ్యిన వెళ్ళిపోయాయి, ఎల్లిపో నానా, ఇక్కడ దీపాలారితే ఎల్లిపోమని, అని ఆమని పగలబడి నవ్వింది, వెళ్ళాడు, మలుపు వచ్చింది, ఎడమచెయ్యి అక్కడ లేని బ్రేకు హ్యాండిల్ కోసం గాలిలో తడుముకుంది, తిప్పాలన్న సంగతే తట్టలేదు, ఇరవై మూడేళ్ళూ మలుపులన్నీ పట్టాలే తిప్పాయి, తనెప్పుడు తిప్పాడు గనక, కారు పోయి గోడకు గుద్దుకుంది, స్టీరింగ్ చేతుల్లోంచి ఒక్క గుంజు గుంజింది, దాదా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, నవ్వనీ, ఇది తేలిక సిగ్గు, ఇలాంటివైతే రోజుకు పది పడొచ్చు.

రెండో రౌండుకి చెయ్యి కాస్త దారికొచ్చింది, ఆమని కుర్చీ వెనక నిలబడి ఎడం తిప్పు నానా, ఎడం, ఇప్పుడు బ్రేకు, అంటుంటే అలాగే చేస్తున్నాడు, ఒక గొంతు ముందుగా చెబుతుంటే హాయిగా ఉంది, ఎంత హాయంటే రోడ్డు పక్కన దీపాల పలక ఒకటి మెరిసినప్పుడు దానివైపు చూడనైనా లేదు, ఆమని గ్రీన్ అంది, గిరిబాబు కుడిచెయ్యి స్టీరింగ్ వదిలేసి పైకి లేచింది, గ్రీన్ అని దుకాణమంతా వినబడేలా పలికాడు, పలికి పెడల్ అదిమాడు, మలుపు తిరగ్గానే ఎవరిదో బోల్తా పడ్డ కారు అడ్డంగా ఉంది, నేరుగా దానిలోకి దూసుకుపోయాడు, ఊరికే అన్నాను నానా, నువ్వు సెయ్యెత్తి పలికే అలవాటు సూద్దామని, ఎల్లో గదా అది, అంత పెద్ద దీపం, నువ్వు సూళ్ళేదా ఏటి, అంది ఆమని, మొదలుపెట్టినప్పుడు ఉన్న నవ్వు మాట చివరికి వచ్చేసరికి లేదు.

తల కొట్టేసినట్టయింది, చూడలేకపోవడం కాదిది, మూరెడు దూరంలో ఉన్న తెర, చూస్తే కనబడేదే, చూడలేదు, మూడు నెలల్లో కళ్ళు చూడటమే మానుకున్నాయి, ఎవరో పలుకుతారని కూర్చోవడం మరిగాయి, దీనికి డాక్టరు పేరు పెట్టే జబ్బు కూడా లేదు, ఇదే ఇంజన్‌లో అయితే, వాసుదేవ్ ఒక్క క్షణం తుమ్మి ఉంటే, నీళ్ళసీసా కోసం వంగి ఉంటే, పోయిన నెల పూరీ గేట్ దగ్గర వాసుదేవ్ ఇంట్లో వాళ్ళ పాపకి అన్నప్రాశన, గురువుగారి చేత్తోనే ముద్ద పెట్టించాలని పాపని గిరిబాబు ఒళ్ళో కూర్చోబెట్టాడు, తను పెట్టాడు, ఆశీర్వదించాడు కూడా, ఏ మొహం పెట్టుకుని ఆశీర్వదించాడో, ఏటైంది నానా అంటోంది ఆమని, ఏటీ లేదమ్మా అనబోయాడు, ఆ అబద్ధం అలవాటుగా నోటిదాకా వచ్చింది, మింగి, దూరంలో రంగులు తెల్డం లేదమ్మా నాకు, మూడు నెలలైంది అన్నాడు, ఆమని వచ్చి భుజం మీద చెయ్యి వేసింది, మూడోది తీసుకో, బ్రేకు గట్టిగా ఉంది, అని చెప్పి దుకాణం బయటికి నడిచాడు.

టోటో రిక్షాల హారన్లలో ఫోను సరిగ్గా వినబడదని గోడ పక్కకి జరిగి, వాసుదేవ్, ఇయ్యాల నేను బండెక్కను, లాబీలో డూటీ బాబుకి సెప్పేస్తాను, నా కళ్ళు, అంటుండగానే అవతల వాసుదేవ్ పెద్దగా ఊపిరి వదిలాడు, తెల్సు గురువుగారూ, రెండు నెల్ల నుంచి తెల్సు, మీరే సెప్తారని సూసినాను, నేను సెప్తే మీ ఉజ్జోగం పోద్ది, సెప్పకపోతే మనిద్దరి పేనాలూ, డూటీకి ఎల్లే రోజు పాపనెత్తుకోడానికి కూడా సేతులొచ్చీవి కావు, అన్నాడు, కోపంగా అన్నా బాగుండేది, నెమ్మదిగా అన్నాడు, అందుకేనా ఈ మధ్య రెండుసార్లు పలకడం, సిగ్నల్ ఇంకా దూరాన ఉండగానే గొంతు చించుకోవడం, అదంతా చురుకుదనం అనుకుని మెచ్చుకున్నాడు కూడా తను, ఫోను చెవికి ఆనించుకుని గిరిబాబు గోడకు చేరగిలబడ్డాడు, ఇన్నాళ్ళూ ఈ సిగ్గును ఎవరి కంటా పడకుండా తనే దాచుకున్నాననుకున్నాడు, దాచుకోలేదు, రెండు నెలలుగా దాన్ని తీసుకెళ్ళి పక్కసీటులో మనిషి నెత్తిన పెట్టి మోయించాడు.