ఎర్ర తాడు లాగినవాడు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. మా మామయ్య ముందు నా కోపం ఏపాటిది? ఆయన ప్రెస్సు షాపు మేస్త్రీ. ఫ్రిజ్ తలుపులకు రేకులు వంచే ఆ ఫ్యాక్టరీలో ఆయన దగ్గితే మెషిన్లు కూడా ఆగిపోతాయని పనివాళ్లు జోకులేసుకునేవాళ్లు. అమ్మా నాన్నా పోయాక నన్నూ తమ్ముణ్ణీ కడుపులో పెట్టుకుని పెంచింది ఆయనే. తమ్ముణ్ణి ప్రెస్సు పనిలో పెట్టిందీ ఆయనే. ఫ్యాక్టరీని పైదేశం కంపెనీ కొన్నాక, వాళ్ల భాష చదువుకున్నదాన్ని కాబట్టి నాకు అక్కడే దుబాసీ ఉద్యోగం దొరికింది.

కొత్త మేనేజరును అందరూ పొడుగాయన అనేవాళ్లు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఇంత గొడవే వచ్చేది కాదు, అందరం కలిసి తిట్టుకుని హాయిగా ఉండేవాళ్లం. వస్తూనే ప్రెస్సుల పైన పొడవునా ఒక ఎర్ర తాడు కట్టించాడు. తప్పు కనబడితే ఎవరైనా సరే దాన్ని లాగొచ్చు, లైను మొత్తం ఆగిపోతుంది. మరునాడు పొద్దున అందరూ గుండ్రంగా నిలబడాలి. లాగినవాడు మధ్యలోకి వచ్చి ఏం చూశాడో, తప్పు ఎవరిదో చెప్పాలి. ఆ తప్పు చేసినవాడే మొదట చప్పట్లు కొట్టాలి. వాళ్ల దేశంలో అంతటితో సరి, ఇద్దరూ కలిసి టీ తాగడానికి పోతారట.

మా దగ్గర మెషిను ఆపేది మేస్త్రీ చెయ్యి. మిగతావాళ్లు ఆయనకు కేక వెయ్యాలి. ఆయనుండగా ఇంకొకడు ఆపాడంటే మేస్త్రీకి కళ్లు లేవని ఊరంతా చాటినట్టే. అందుకే ఆ తాడు దుమ్ము పట్టి వేలాడుతూ ఉండేది. దాని జోలికి ఎవరూ పోయేవాళ్లు కాదు.

తమ్ముడు లాగాడు.

పక్కవాడి చేతితొడుగు ప్రెస్సు అచ్చు కింద ఇరుక్కుంది. కేక వేసి, అది మామయ్య వినిపించుకుని, వచ్చి ఆపేలోపల ఆ చెయ్యి కూడా రేకులా అయ్యేది. నిజానికి ఆ ప్రెస్సుకు ముందు ఒక రక్షణ తలుపు ఉంది. అది మూస్తేనే చేతులు బయట ఉంటాయి. మాటిమాటికీ వేసి తీస్తుంటే పని సాగడం లేదని దాన్ని తీగతో వెనక్కి కట్టేసింది మామయ్యే.

మరునాడు అందరికంటే ముందు పొడుగాయన గదికి పరిగెత్తాను. "మా తమ్ముణ్ణి లోపలికి పిలిచి మెచ్చుకోండి, చాలు. అందరి ముందూ వద్దు. మేస్త్రీ వాణ్ణి బతకనివ్వడు," అని బతిమాలాను.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "చాటుగా మెచ్చుకుంటే లంచం ఇచ్చినట్టుంటుంది. అతను ఒక మనిషి చెయ్యి కాపాడాడు. నలుగురికీ తెలియాలి కదా?" అన్నాడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది నా పని.

తమ్ముణ్ణి మధ్యలో నిలబెట్టాడు. తలుపు కట్టింది ఎవరో చెప్పమన్నాడు. అదే నేను మా భాషలో అడిగాను. వాడు నా వైపు చూశాడు, తర్వాత నేల వైపు చూశాడు. "పరవాలేదని చెప్పండి. ఇక్కడ ఎవరూ ఎవర్నీ ఏమీ అనరు," అన్నాడు పొడుగాయన నవ్వుతూ.

"మేస్త్రీగారు," అన్నాడు తమ్ముడు. మామయ్య అని మాత్రం అనలేదు.

పొడుగాయన మామయ్య వైపు తిరిగి, ఇక మొదలుపెట్టమన్నట్టు రెండు అరచేతులూ చూపించాడు. మామయ్య చప్పట్లు కొట్టాడు. మెల్లగా, తమ్ముణ్ణే చూస్తూ కొట్టాడు. తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లంతా చూస్తుంటే ఆయనకు తల కొట్టేసినట్టయింది. పొడుగాయన ముఖం మాత్రం వెలిగిపోతోంది.

టీ గంట మోగాక చూస్తే తమ్ముడు ఎక్కడా లేడు. పనిముట్ల గది గుమ్మం నిండా మనుషులు నిలబడి ఉన్నారు. మోచేతులతో పొడుచుకుంటూ లోపలికి దూరాను.

మామయ్య వాణ్ణి గొడ్డును బాదినట్టు బాదుతున్నాడు. బల్లకూ గోడకూ మధ్య ఇరుక్కున్న తమ్ముడికి ఒక కన్ను మూసుకుపోయింది. పెదవి చీలి చొక్కా ముందంతా నెత్తుటితో తడిసింది. అయినా వాడు చేతులు అడ్డం పెట్టుకోవడం లేదు.

"నా చేతి అన్నం తిని నా చేతే చప్పట్లు కొట్టిస్తావురా?" మాటకొక గుద్దు. "చెప్పరా! కొట్టిస్తావా?" బల్ల మీది పెద్ద పానా అందుకుని భుజం మీద వేశాడు. ఎముక విరిగిన చప్పుడు గుమ్మం దాకా వినబడింది. తమ్ముడు గోడకు జారగిలబడి కూలిపోయాడు.

నేను ఎగిరి మామయ్య మణికట్టు కరిచాను. నోటికి నెత్తురు ఉప్పగా తగిలినా వదల్లేదు. పానా కింద పడింది. ఆయన నా జుట్టు పట్టి ఈడ్చి తోశాడు. తల ఇనుప బీరువాకు కొట్టుకుని కళ్లు బైర్లు కమ్మాయి.

"అడ్డం రాకు అమ్మాయ్!" అని అరిచాడు. ఏడుస్తున్నాడు.

అప్పుడొచ్చాడు పొడుగాయన. తమ్ముడి ముఖమూ, నేల మీది పానా, మామయ్య చేతి నెత్తురూ చూశాడు. తమ్ముడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. ఆ మాట నేను వాడికి చెప్పాను.

"జారి పడ్డాను," అన్నాడు తమ్ముడు పన్ను ముక్క ఉమ్మేసి. "మెట్ల మీద."

ఆ గదికి మెట్లే లేవు. గుమ్మంలో ఉన్నవాళ్లు మాత్రం, మళ్లీ దారికొచ్చాడన్నట్టు తలలూపారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇవాళ వదిలేస్తే మామయ్య రేపు వాణ్ణి చంపేస్తాడు. పొడుగాయనతో వాళ్ల భాషలో, "మా మామయ్య కొట్టాడు. పానాతో కొట్టాడు. మీరే వాణ్ణి కాపాడాలి. నేను చెప్పినట్టు మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి," అన్నాను.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నా భుజం తట్టి లేచాడు. అందరి వైపూ తిరిగి, నన్ను చేత్తో చూపించి, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. మామయ్యను కూడా కొట్టమని సైగ చేశాడు.

దానికి దుబాసీ అక్కర్లేకపోయింది. తమ్ముడు తెరిచి ఉన్న ఒక్క కంటితో నన్ను చూశాడు. "ఎంత పని చేశావే అక్కా," అన్నాడు.

ఆపండి అని పొడుగాయనతో అన్నాను. నేను సిగ్గుపడుతున్నాననుకున్నాడో ఏమో, ఇంకా గట్టిగా కొట్టాడు. పానా నా కాలి దగ్గరే ఉంది. తీసి ఆయన చేతుల మీద కొట్టాను. ఒక చెయ్యి బల్ల అంచున ఆనితే దాని మీద మళ్లీ కొట్టాను. వేళ్లు తలో దిక్కుకూ వంగిపోయాయి. ఇంకా కొట్టేదాన్నే, ఎత్తిన చేతిని మామయ్య వెనక నుంచి పట్టేసుకున్నాడు.

"చాలు తల్లీ," అన్నాడు. "చాలించు."

పొడుగాయన చెయ్యి ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ఎందుకు?" అన్నాడు.

కేకలు విని గేటు కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది? సారుకి ఏమైంది?"

అందరికంటే ముందు తమ్ముడే నోరు విప్పాడు. "సారు జారి పడ్డారు."

"అవును, జారి పడ్డారు," అన్నాడు మామయ్య. గుమ్మంలో ఉన్నవాళ్లంతా ఒక్కొక్కరే అదే మాట అన్నారు. మామయ్య వంగి, విరగని వైపు చెయ్యి వేసి, పసిపిల్లాణ్ణి లేపినట్టు తమ్ముణ్ణి లేపాడు. వాడు ఆయన గుండెకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

పొడుగాయన తలెత్తి నన్నే చూశాడు. ఆ గదిలో ఆయన మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "వీళ్లు ఏమంటున్నారు?" అని అడిగాడు.

పొల్లు పోకుండా చెప్పాను. "మీరు జారి పడ్డారంటున్నారు."