కదలని చుక్క

ఆమెకి ఆఫీసులో పనిమంతురాలని పేరు, మాట కలపదని అంతకన్నా పెద్ద పేరు. మధ్యాహ్నం అందరూ గుంపుగా భోజనానికి లేస్తే ఆమె మాత్రం కంప్యూటర్ ముందే డబ్బా మూత తీసేది. మొదట్లో రమ్మని పిలిచేవారు. పిలిచి పిలిచి వాళ్ళకే విసుగొచ్చింది. ఆమె తెర మూలన అగ్గిపెట్టెంత కిటికీలో ఒక మ్యాపు ఉందనీ, దాని మీద ఒకే ఒక చుక్క ఉందనీ, ఆ చుక్క ఆమె తమ్ముడనీ ఎవరికీ తెలియదు.

తమ్ముడికీ ఆమెకీ మాటల్లేవు. అమ్మా నాన్నా పోయాక వాణ్ణి తనే పెంచింది, తనే చదివించింది. వాడు చదువు మధ్యలో వదిలేసి స్టీరింగ్ పట్టుకుంటానన్న రోజున ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇంక ఈ గడప తొక్కకు అనేసింది. కోపమొస్తే ఏ అక్కయినా అనే మాటే అది, చెవిన పెట్టనక్కర్లేదు. కానీ వాడూ ఆ కడుపున పుట్టినవాడేగా, నిజంగానే తొక్కలేదు. ముందు ఫోన్ చేస్తే లోకువైపోతానని ఆమె, పిలవని ఇంటికి పోనని వాడు, ఏళ్ళకేళ్ళు బిగదీసుకు కూర్చున్నారు. నన్నడిగితే ఇద్దరికీ చెరో మొట్టికాయ వెయ్యాలి.

అలాంటి సమయంలో ఆమె కంపెనీకి, మందులు మోసే చల్లటి వ్యాన్లు ఎక్కడెక్కడున్నాయో కంప్యూటర్ బోర్డు మీద చూపించే పని వచ్చింది. ఒక్కో వ్యానుకి డేటాబేస్‌లో ఒక్కో డాక్యుమెంటు. బండి నంబరు, నడిపే మనిషి పేరు, ఎక్కడుంది, లోపల ఎంత చల్లగా ఉంది, అన్నీ అందులోనే ఉంటాయి. పాత ప్రోగ్రాము, ఊరొచ్చిందా ఊరొచ్చిందా అని ప్రాణం తీసే పిల్లాడిలా, మాటిమాటికీ డేటాబేస్ దగ్గరికి వెళ్ళి ఏమైనా మారిందా అని అడిగేది. ఆమె ఆ గోల మాన్పించింది. కావలసిందేదో ఒక్కసారి అడిగి, ఆ ప్రశ్నని మూసెయ్యకుండా వదిలేస్తే చాలు. ఎక్కడ ఏది మారినా డేటాబేసే ఆ ముక్క పంపిస్తుంది, అది రాగానే తెర తనంతట తానే మారుతుంది. ఏదీ మారకపోతే ఏదీ రాదు.

దాన్ని పరీక్షిస్తున్నప్పుడు డ్రైవర్ల పేర్లలో తమ్ముడి పేరు కనిపించింది. ఎవరికీ చెప్పకుండా తన కోసం అలా మూసెయ్యని ప్రశ్న ఒకటి, ఒక క్వెరీ, రాసుకుంది. ఈ మనిషి నడిపే బండి ఎక్కడుంటే అక్కడి కబురు పంపుతూ ఉండమని దాని అర్థం. చెయ్యకూడని పనే. చేసింది.

అప్పటి నుంచీ ఆమెకి తోడు దొరికినట్టయింది. వాడు ఏ మలుపులో ఆగి టీ తాగుతాడో, ఏ రోడ్డు మీద తొందరపడతాడో కంఠతా వచ్చేసింది. ఎండలో ఎక్కువసేపు ఆగితే తిన్నాడో లేదో అనుకునేది. వాన పడుతున్న చోట వేగంగా పోతుంటే తెర వైపు చూసి తిట్టేది. వాడితో రోజూ మాట్లాడుతున్నట్టే ఉండేది ఆమెకి. ఇంటికెళ్ళాక మాత్రం నీళ్ళు పోసే చప్పుడు తప్ప ఏ చప్పుడూ ఉండేది కాదు.

ఒకనాడు చుక్క రేవు పట్నంలో ఆగింది, మళ్ళీ కదల్లేదు. సెలవు పెట్టి ఉంటాడనుకుంది. మర్నాడూ అక్కడే, ఆ మర్నాడూ అక్కడే. కనెక్షన్ తెగిందేమోనని చూస్తే అది నిక్షేపంలా ఉంది. జ్వరమొచ్చిందా, బండి గుద్దేశాడా, ఏ ఆసుపత్రిలో పడి ఉన్నాడో, చూసేవాళ్ళెవరో. అన్నం నోటికి పోలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుంది, మళ్ళీ పెట్టేసింది. చివరికి ఆఫీసుకి సెలవు పెట్టి, ఇంటికి తాళం వేసి, రేవు పట్నం బస్సెక్కింది.

చుక్క ఉన్న చోటికే వెళ్ళింది. అదొక షెడ్డు, ముందు ఇనుప గేటు, లోపల తెల్ల వ్యాన్లు. వాడి వ్యాను వాటిలో లేదు. నంబరు చెప్పి వాచ్‌మన్‌ని అడిగింది. ఆ బండి పొద్దున్నే పోయింది, రోజూ పోతూనే ఉందన్నాడతను. ఎవరు నడుపుతున్నారు అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. అక్క వెతుక్కుంటూ వచ్చిందని వాడి చెవిన పడితే? మింగేసింది. బండి తిరుగుతోందంటే వాడు బాగున్నట్టే, ఎక్కడుందో చెప్పే యంత్రమే బండిలో పాడయి ఉంటుందని మనసుకి సర్దిచెప్పుకుంది. అయినా కాళ్ళు కదల్లేదు. ఆ పూటకి లాడ్జిలో ఉండి, మర్నాడు కూడా గేటుకి ఎదురుగా కాసేపు నిలబడి, అప్పుడు వెనక్కొచ్చింది.

ఆ తర్వాత వారమో పది రోజులో అయ్యాక, వ్యాన్లు పంపించే పెద్దాయన ఆఫీసుకి ఫోన్ చేశాడు. బోర్డు మీద ఒకే బండి ఇద్దరు డ్రైవర్ల కింద కనిపిస్తోందని, ఒక చోట తిరుగుతోందని, ఇంకోచోట బిగుసుకుపోయిందని ఆయన ఫిర్యాదు. ఆ బోర్డుకీ, తన మూల కిటికీకీ ఆమె రాసింది ఒకే కోడ్. ఫోన్ చెవిన ఉండగానే దాన్ని తెరిచి చూసుకుంది. క్వెరీలోకి కొత్తగా ఏదైనా వస్తే ఏం చెయ్యాలో రాసింది. ఉన్నది మారితే ఏం చెయ్యాలో రాసింది. ఉన్నది క్వెరీలోంచి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో రాయనే లేదు. బండి వేరే డ్రైవరుకి మారిన కబురు డేటాబేస్ బుద్ధిగా పంపింది, ఆమె ప్రోగ్రామే దాన్ని అవతల పారేసింది. పాత చుక్క పాత చోటే ఉండిపోయింది.

గొంతు వీలైనంత మామూలుగా పెట్టి, ఆ పాత డ్రైవరు ఏమయ్యాడని అడిగింది.

"మానేశాడమ్మా. అక్కయ్య దగ్గరికెళ్ళి అక్కడే ఏదో పని చూసుకుంటానన్నాడు. మళ్ళీ వారం తిరక్కుండానే ఫోన్ చేసి బండి ఇస్తారా అని అడిగాడు. ఏమైందయ్యా అంటే, ఇంటికి తాళం ఉందట. రెండు రోజులు ఆ మెట్ల మీదే పడిగాపులు పడ్డాడట. నేనొస్తున్నానని తెలిసే తాళం వేసుకుపోయిందేమో అన్నాడు, పాపం. నేనేం చెయ్యను, అప్పటికే బండి ఇంకొకరికిచ్చేశాం."

ఆమె సరేనంది, ఈ రోజే సరిచేస్తానంది, ఫోన్ పెట్టేసింది. పక్క సీటావిడ ఒంట్లో బాగోలేదా అని అడిగితే తలూపింది. ఆ రెండు రోజులూ తను ఆ గేటు ముందు, వాడు తన గుమ్మం ముందు. ఏడుపు ఆగలేదు. మెట్ల దారిలోకి వెళ్ళి, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నొక్కని నంబరు నొక్కింది.

చాలాసేపు మోగింది. ఎత్తాక వెనక ఇంజను చప్పుడు వినిపించింది.

"ఎవరండీ?"

"నేన్రా."

అవతల ఇంజను ఆగింది.

"ఆ తాళం నీ మీద కోపంతో వేసింది కాదురా. నీకేమైందోనని రేవు పట్నం పోయాను. షెడ్డు ముందు నిలబడ్డాను."



"ఇంత దూరం పోయేబదులు ఒక్క ఫోన్ చేస్తే పోయేది కదక్కా."

వెనకెవరో హారన్ కొడుతున్నారని, ఇది కొత్త బండి అని, ఉంటానని వాడన్నాడు. ఆ కొత్త బండి ఏ కంపెనీదో, ఏ డేటాబేస్‌లో ఉందో ఆమెకి తెలియదు. ఫోన్ పెట్టేస్తాడేమోనన్న భయంతో గబగబా అడిగింది.

"ఆగరా. ఎక్కడున్నావిప్పుడు?"