మొదలు పైకి నిలబెట్టిన దుంగ

ఆ ఆదివారం చేయవలసిన పనులను ఇంజనీరమ్మ ఒక పాత కవరు వెనక రాసుకుంది.

బొమ్మకి రెండు వైపులా ఊతకర్రలు బిగించాలి.
తలమీది మూటకి తాడు వేసి పట్టుకోవాలి.
అడుగున మట్టి తవ్వి గొయ్యి వెడల్పు చేయాలి.
రాళ్ళు కూరి కాంక్రీటు పోయాలి.
నీళ్ళ గొట్టానికి పలుగు తగలకూడదు.
నాన్నని ఎక్కువసేపు వంగనివ్వకూడదు.
అన్నిటికన్నా కింద, రెండు గీతలు గీసి: అమ్మ పాదాలు మట్టిలోకి పోకూడదు.

ఇంజనీరమ్మ అన్నది వీధివాళ్ళు పెట్టిన పేరు. ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆమె. పట్టా చేతికొచ్చిన నాటి నుంచి కుళాయి కారినా, దరఖాస్తు నింపాలన్నా, ఎవరింటి గోడ బీటలు వారినా కబురు ఆమెకే వచ్చేది. తెలియదు అని చెప్పే వీలు ఆ రోజుతోనే పోయింది.

తండ్రి వడ్రంగి. నలభై ఏళ్ళు తలుపులూ కిటికీలూ చేసినవాడు. భార్య పోయాక బయటి పనులు ఒప్పుకోవడం మానేసి, పదకొండు అడుగుల దుంగ ఒకటి పెరట్లో దింపించాడు. ఏడాదిన్నర దాని మీదే కూర్చున్నాడు. అడుగున రెండడుగులు పాతడానికి వదిలేసి, పైన తొమ్మిదడుగుల్లో భార్యని చెక్కాడు. నెత్తిన బట్టల మూట, కిందికి చూస్తున్న కళ్ళు. ఆవిడ చుట్టుపక్కల ఇళ్ళ బట్టలన్నీ ఉతికిన మనిషి. ఉన్న ఫొటో ఒక్కటే, అదీ గుర్తింపు కార్డు కోసం తీసింది, మెడ వరకే. రోజంతా నీళ్ళలో నానిన ఆ పాదాలు ఆయనకి గుర్తున్నంతగా ఇంకెవరికీ గుర్తులేవు. మడమల పగుళ్ళు ఒక్కొక్కటీ సన్న ఉలితో తీశాడు. పాదాలకే రెండు నెలలు పట్టింది. చూడటానికి వచ్చినవాళ్ళని ముందు ముఖం దగ్గరికి కాదు, అక్కడికే తీసుకెళ్ళి వంగి చూడమనేవాడు.

చిక్కంతా మూటతో వచ్చింది. మూటకి లావు కర్ర కావాలి కనుక దుంగ మొదలుని, అంటే చెట్టుకి వేళ్ళుండే వైపుని, పైకి పెట్టాడు. ద్వారబంధాలు చేసేటప్పుడు ఆయన ఎన్నడూ అలా చేయలేదు. చెట్టు ఎలా నిలబడిందో కర్ర కూడా అలాగే నిలబడాలని మొదలు వైపు బొగ్గుతో గుర్తు పెట్టుకునేవాడు. ఈ ఒక్కసారే తిరగేశాడు. ఎంత లోతు పాతాలో ఉలి పట్టకముందే కూతుర్ని అడిగాడు. ఆమె పుస్తకం చూసి, కాగితం మీద లెక్క వేసి, రెండడుగులు చాలంది. నిలబెట్టాక రెండు వానలు కురిశాయి. బొమ్మ కొట్టుగది వైపు ఒరిగింది.

పెరడు నాలుగు మంచాలు వేస్తే నిండిపోయేంత. ఒక పక్క ఇల్లు, రెండో పక్క ప్రహరీ, ఎదురుగా ఆయన పనిముట్లుండే రేకుల కొట్టు. ప్రహరీ ఒంటి ఇటుకది, బొమ్మని తీగలతో దానికి లాగి కడితే నిలిచేది కాదు. నిలిచినా తండ్రి ఒప్పుకోలేదు. మీ అమ్మేమైనా తప్పించుకుపోయే మనిషా, కట్టెయ్యడానికి అన్నాడు.

మధ్యాహ్నం రెండున్నరకి సగం మట్టి తవ్వారు. తండ్రి ఊతకర్ర కింద బిగించే చీల చెక్కుకురావడానికి కొట్లోకి వెళ్ళాడు. అప్పుడే తవ్విన గట్టు విరిగి ఊతకర్ర జారింది. బొమ్మ నెమ్మదిగా, ఏ తొందరా లేనట్టు వంగింది. బయటికి తెరుచుకునే కొట్టు తలుపుని మూసేసి, మూటని ద్వారబంధం పైకమ్మికి ఆనించి ఆగింది. బరువు కమ్మి మీద పడింది. పక్కకి దొర్లి రేకుల మీద పడకుండా ఆపుతున్నది మాత్రం ఇంజనీరమ్మ చేతిలోని తాడు. ఆమె దాన్ని నడుముకి రెండు చుట్లు తిప్పుకుని ఇంటి గోడకి వీపు ఆనించింది. ఫోను వంటింటి గట్టు మీద ఉంది, పదడుగుల దూరం. కేకలు వేసింది. పక్కింటికి తాళం.

లోపలి నుంచి తలుపు రెండుసార్లు కదిలింది.

"ఏమ్మా, తలుపు రావడం లేదేం?"

"నెట్టకు నాన్నా. అమ్మ అడ్డం పడింది."

తలుపు కదలడం ఆగింది. తర్వాత ఆయన, నేను పని ఆపి అన్నానికి లేవకపోతే బతికున్నప్పుడూ అలాగే తలుపుకి అడ్డం నిలబడేది అన్నాడు. ఆమెకి నవ్వు రాలేదు. ఆ ఇంట్లోనే ఉండే వదిన దర్జీ దుకాణంలో పని ముగించుకుని నాలుగింటికి గాని రాదు. ఎండ గోడ దిగి ఆమె మోకాళ్ళ మీదికి వచ్చింది. తాడు అరచేతుల్లో తోలు లేపింది. ముక్కు దురద పెడితే భుజానికి రుద్దుకుంది. వదిలేస్తే బొమ్మ తండ్రి మీద పడుతుంది, పట్టుకుంటే తను ఇక్కడే ఇరుక్కుంటుంది. మధ్యలో కదిలే దారి లేదు.

లెక్క ఎక్కడ తప్పిందో ఆమె నిలబడిన చోటే మళ్ళీ వేసుకుంది. కర్ర బరువు అంతటా ఒకటే అనుకుంది. పుస్తకంలో ఒక్క అంకే ఉంది మరి.

"నాన్నా, మొదలు వైపు కర్ర బరువెక్కువా?"

"ఎక్కువే. చేవ అంతా అక్కడే కదా. పైగా పచ్చి కర్రలోని తడి కూడా చివరిదాకా అక్కడే ఉంటుంది."

"ఆ రోజే చెప్పలేదేం?"

"నువ్వు కాగితం మీద వేశావు. చదువుకున్నదానివి, ఆ మాత్రం కలుపుకోకుండా ఉంటావా అనుకున్నాను. అడిగితే నిన్ను తక్కువ చేసినట్టుంటుందని..."

ఆమెకి ఏడుపొచ్చింది, కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యి లేదు. ఆయన తన ముందు నోరు మెదపలేకపోయాడు. తను ఆయన ముందు తెలియదు అనలేకపోయింది. గొయ్యి వెడల్పు చేస్తే సరిపోదని పొద్దున పలుగు పట్టినప్పుడే ఆమెకి అనుమానం. ఒక పక్క గొట్టం, ఒక పక్క ఇంటి పునాది. వెడల్పుకి చోటే లేదు. కిందికి పోవాలి, అంతే.

"నాన్నా, ఇంకో రెండడుగులు దించాలి. పాదాలు లోపలికి పోతాయి. నీకు మాటిచ్చాను గాని, వేరే దారి నాకు తెలియదు."

లోపల ఉలి కింద పెట్టిన చప్పుడైంది.

"మోకాళ్ళ దాకానా?"

"మోకాళ్ళ దాకా."

"సరేలే," అన్నాడు చివరికి. "నీళ్ళలో నిలబడ్డ మనిషే కదా."

తర్వాత రంపం చప్పుడు మొదలైంది. ఆయన లోపల ఒక దూలం కొలిచి కోసి, పైకమ్మి కింద నిలువుగా బిగించాడు. తాడు మీద లాగుడు మాత్రం తగ్గలేదు. నాలుగూ పది దాటాక వదిన వచ్చి, ఆడపడుచు వాలకం చూసి, మామయ్యని లోపల పెట్టి అత్తయ్యని కాపలా ఉంచావా అంటూనే చెప్పులు విడిచి తాడు అందుకుంది. ఇంజనీరమ్మ వేళ్ళు వెంటనే తెరుచుకోలేదు. ఒక్కొక్కటీ వదినే విడదీయాల్సి వచ్చింది. వీధివాళ్ళు నలుగురు వచ్చి బొమ్మని ఎత్తిపట్టాకే తండ్రి తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు.

మర్నాడు వీధి చివరి మేస్త్రీ బరువులెత్తే గొలుసు కప్పీ తెచ్చాడు. ఏది అడిగినా బొటాబొటిగా సరిపోద్ది అంటాడని ఆయన్ని అందరూ బొటాబొటి మేస్త్రీ అంటారు. ఆయన కూడా గొయ్యి చూసి, నాలుగడుగులకి తక్కువైతే నాకు నిద్ర పట్టదు అన్నాడు. గొయ్యి తవ్వినంతసేపూ బొమ్మని పెరట్లో మూలగా పడుకోబెట్టారు. మట్టిలోకి పోయే కర్రకి తారు పూయాలి, లేకపోతే చెద పడుతుంది. అది తండ్రికి ఎవరూ చెప్పనక్కరలేదు. నేను పూస్తానని ఇంజనీరమ్మ కుంచె తీసుకోబోతే ఇవ్వలేదు. కింద కూర్చుని, రెండు పాదాలూ వేలు వేలునా నల్లగా పూశాడు. మడమల దగ్గర కుంచె పోని చోట చూపుడువేలు ముంచి ఒక్కో పగులూ నింపాడు. నింపుతూ నింపుతూ, ఈ పగులు ఫలానా చలికాలంలో పడింది, ఇది గాజుపెంకు గుచ్చుకున్నది అని కూతురికి చెప్పాడు. ఆమె పక్కన కూర్చుని, కాగితం ముట్టకుండా, అన్నీ విన్నది.

బొమ్మ ఇప్పుడు నిటారుగా ఉంది. గాలివానకి కూడా కదల్లేదు. చూడటానికి వచ్చినవాళ్ళు మూట బాగుందంటారు, ముఖం బాగుందంటారు. తండ్రి తలూపుతాడు, ఎవర్నీ వంగి చూడమనడు.

చదివినవారు ఆ ఇల్లాలిని కాస్త గుర్తుపెట్టుకోండి. ఆవిడకి పాదాలున్నాయి. ఎడమ మడమ మీద ఏడు పగుళ్ళు, కుడి మడమ మీద నాలుగు.