బూరుల్‌కి ఎర్ర బూట్లు తొడిగింది నేనే

బూరుల్‌కి ఎర్ర బూట్లు తొడిగింది నేనే. అంతకుముందు ఆమె కాళ్ళకి ఏముండేదో ఎవరికీ తెలీదు. ఆమె మా నాయనకి అక్క. మంచులో తప్పిపోయేనాటికి చిన్నపిల్ల. ఫొటో లేదు, గోరీ లేదు. నవల మొదలుపెట్టాక, చైనాకి పారిపోతూ కనుమ ఎక్కుతున్న అంత జనంలో ఆమెను వెతుక్కోవడానికి నాకొక గుర్తు కావాల్సొచ్చింది. మా సరస్సు ఒడ్డున బార్స్కూన్ బజారులో ఎవరిదో పిల్ల ఎర్ర బూట్లతో బురదలో గెంతుతుంటే చూశాను. ఆ బూట్లే తెచ్చి ఈమెకి తొడిగాను.

నేను బడి బాయిలర్‌లో బొగ్గు వేసేవాణ్ణి. ఎనిమిదో తరగతిలో నన్ను వదిలించుకున్న బడి అదే. అప్పట్లో నన్ను మొద్దు అన్న పంతుళ్ళ పిల్లలు ఇప్పుడక్కడ పంతుళ్ళు. చలికాలమంతా వాళ్ళ వీపులు వెచ్చగా ఉండేది నా పార పుణ్యాన. ఆ మాటంటే నా భార్య జేనే, "ఇది కూడా పుస్తకంలో పెట్టావా ఏంటి? పెట్టకు. డబ్బిచ్చి కొనేవాళ్ళకి నీ ఏడుపెందుకు?" అంటుంది. పుస్తకంలో పెట్టలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా పెద్దవాళ్ళు దాన్ని పారిపోయిన ఏడు అంటారు. యుద్ధానికి కందకాలు తవ్వడానికి మగవాళ్ళని పట్టుకురమ్మన్నాడు జారు చక్రవర్తి. జనం తిరగబడ్డారు. సైన్యం వచ్చింది. సరస్సు ఒడ్డున ఊళ్ళకి ఊళ్ళు లేచి, దొరికింది గుర్రాల మీద కట్టుకుని, కనుమ దాటి చైనా వైపు పోయాయి. మా నాయనమ్మ పాలుతాగే మా నాయనని వీపున కట్టుకుంది, బూరుల్‌ని గుర్రం జీనుకి కట్టింది. మంచుగాలి లేచింది. తెల్లారాక గుర్రం వచ్చింది, పిల్ల రాలేదు. మా ఇంట్లో చెప్పింది ఇంతే. బళ్ళో అయితే ఇది కూడా చెప్పలేదు.

మావాళ్ళు చైనా నుంచి తిరిగొచ్చాక పుట్టింది కలీపా అత్త, మా నాయనకి చెల్లెలు. ఎన్నడూ చూడని అక్క కోసం బతుకంతా ఎదురుచూసిన మనిషి. అటువైపు నుంచి ఎవరింటికైనా చుట్టాలొచ్చారని వింటే చాలు, శాలువా కప్పుకుని పోయి, "బూరుల్ అనే ఆడమనిషి మీకు తెలుసా?" అని అడిగి వచ్చేది.

పోయినవాళ్ళ కోసం మేం గురువారం నూనె కాగబెడతాం. అందులో పిండిముక్కలు వేగుతుంటే ఆ వాసన వాళ్ళకి చేరుతుంది. పేరు పెట్టి పిలిస్తేనే చేరుతుంది. అత్త వాళ్ళమ్మనీ నాన్ననీ మా నాయననీ తన పెనిమిటినీ పిలిచేది. బూరుల్‌ని మాత్రం పిలిచేది కాదు. నాయనమ్మ పోతూపోతూ చెప్పిందట: "చూసినవాడు వచ్చి చెప్పేదాకా దాని పేరు నూనె మీద అనకు. బతికున్నదానికి వాసన పంపితే ఆయుష్షు తెగుతుంది." ఆ ఒక్క మాట పట్టుకుని అత్త ముసలిదైపోయింది.

బాయిలర్ తలుపు తెరిస్తే లోపల నిప్పుల కొండలు. వాటి సందుల్లో చూస్తూ కూర్చుంటే కాసేపటికి జనం కనబడేవాళ్ళు. ఒకరి వెనక ఒకరు, తలలు వంచుకుని, చప్పుడు లేకుండా. వేడికి నా ముఖం కాలుతుంటే అక్కడ మంచు కురిసేది. నేను రాస్తున్నానో, వాళ్ళు నడుస్తుంటే ఊరికే చూస్తున్నానో తెలిసేది కాదు. కిటికీ బయట సరస్సు మీద లేచే ఆవిరి లోపలికొచ్చి వాళ్ళ గుర్రాల ఊపిరిలో కలిసిపోయేది. బడి గంట కొడితే ఉలిక్కిపడి భుజాలు దులుపుకునేవాణ్ణి. బొగ్గు మసి రాలేది.

రాసింది రాసినట్టు అత్తకి చదివి వినిపించేవాణ్ణి. ఆమెకి చూపు ఆనదు. దూరప్రయాణం నుంచి వచ్చినవాడు కబుర్లు చెబుతుంటే విన్నట్టు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వినేది. ఒకనాడు పొరుగామె వస్తే ఆమెతో అంటోంది: "మా అక్కకి ఎర్ర బూట్లంటే ప్రాణమట. మా అమ్మ చెప్పేది."

నేను టీ గిన్నె పట్టుకుని అక్కడే ఉన్నాను. నోరు తెరిచాను. అత్త ముఖంలో ఆ వెలుగు చూసి, తెరిచిన నోట్లో టీ పోసుకున్నాను. ఇంకోరోజు, ఆ బూట్లు మా తాత కరకోల్ సంతలో గొర్రెపిల్లనిచ్చి కొన్నాడని చెప్పింది. అది బాగుందనిపించి నవలలో రాసుకున్నాను. చివరికి ఏది ఆమె చెప్పిందో ఏది నేను అల్లిందో నాకే గుర్తులేకుండా పోయింది.

ఊళ్ళో కూడా పొక్కింది. ఊసోన్ బాబాయ్ ఏకంగా బాయిలర్ గదికే వచ్చాడు.

"ఒరేయ్ సగీన్, మా తాతకి బూడిదరంగు గుర్రం ఇచ్చావటగా?"

"మీ తాతని నేనెక్కడ రాశాను బాబాయ్?"

"పేరు రాయకపోతే పోలిక తెలీదా? బొంగురు గొంతు, చాటంత చెవులు. మావాడే. బూడిదరంగు గుర్రం గతిలేనివాడెక్కేది. నల్లది ఇవ్వు."

"ఇస్తే నాకేంటి?"

"నీ పుస్తకం కొంటాను."

"చదవడం వచ్చా నీకు?"

"రాకపోతేనేం? దాని మీద టీ గిన్నె పెట్టుకుంటా."

నల్ల గుర్రమే ఇచ్చాను. నాదేం పోయింది.

రాజధాని బిష్కెక్‌లో పుస్తకాలు వేసే ఆయన కాగితాలన్నీ చదివాడు. మెత్తటి చేతులు, మెత్తటి మాట. "బాయిలర్ దగ్గర పనిచేసే మనిషికి ఇది గొప్ప విషయమే" అన్నాడు. కుక్క రెండు కాళ్ళ మీద నడిచిందన్నట్టు. "కానీ ఈ పిల్ల ఏమైంది? గుర్రం వచ్చింది, పిల్ల రాలేదు. అది కబురండీ, కథ కాదు. తేల్చాలి. బతికిందంటే ఎవరూ నమ్మరు."

"చంపితే వేస్తారా?"

"ఎండలొచ్చేసరికి వేస్తాం."

చంపుతానని ఒప్పుకుని మినీబస్సెక్కాను. దారి పొడుగునా కిటికీలో కొండలు నావైపు చూడకుండా పోయాయి.

ఇంటికొచ్చాక ఆమె చావలేదు. గుర్రం మీంచి పడేది, లేచేది. గాలి తోసేది, నడిచేది. నేను ఎంత మంచు పోసినా ఆ ఎర్ర మచ్చ ఇంకొంచెం పైన కనబడేది. ఆఖరికి ఒకరోజు తనే ఒక బండ చాటున కూర్చుంది. చలికి పోయేవాళ్ళకి చివర్లో ఒళ్ళంతా వేడి పుడుతుందంటారు. ఎండాకాలం వచ్చిందనుకుంది కాబోలు, బూట్లు విప్పేసింది. గడప దగ్గర పెట్టినట్టు రెండూ పక్కపక్కన పెట్టి, పడుకుంది. వేళ్ళు తెల్లగా అయ్యాయి. మంచు వచ్చి దుప్పటి కప్పింది. నేను రాసినవాటిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు. రాసి లేచి, పార పట్టుకుని బాయిలర్‌లో బొగ్గు వేశాను.

అత్తకి చదవకుండా దాటేద్దామనుకున్నాను. కానీ అచ్చయ్యాక ఊళ్ళో ఎవడో ఒకడు తడుముకుంటూ చదివి పెడతాడు. దానికంటే నేనే నయం. మర్నాడు గురువారం. వెళ్ళేసరికి పొయ్యి మీద బాణలి ఉంది. అత్త పిండి ఒత్తి చిన్నచిన్న ముక్కలుగా కోస్తోంది. చదివాను. వింటూ వింటూ ఆమె కత్తి ఆగిపోయింది.

"బూట్లు విప్పిందా?" అంది.

"విప్పింది అత్తా."

"పక్కపక్కన పెట్టిందా?"

"ఊ."

"మా అమ్మ పెంపకం." చేతుల పిండి తుడుచుకుంది. "అయితే ఇవాళ దాని పేరు అంటాను."

"అత్తా! ఇది నవల. నేను కల్పించింది. బూట్లు కూడా బజారులో చూసి..."

"అరవకు. పోయింది కళ్ళే, చెవులు కాదు."

"చూసినవాడు చెప్పాలంది కదా నాయనమ్మ! నేను చూడలేదు."

"చూడకుండానే వేళ్ళు తెల్లబడ్డాయని రాశావా?"

"ఊహించాను."

"ఊహలోనైనా అక్కడిదాకా వెళ్ళొచ్చినవాడివి నువ్వొక్కడివే కదరా. మన ఇంట్లో ఇంకెవరు వెళ్ళారు? అందరం తలుపు తీసిపెట్టుకుని కూర్చున్నాం. పుట్టినప్పటినుంచీ ఆ గాలి కొడుతోంది నాకు. ఇక తలుపు వేసుకోనీ."

చంపింది నేను. ఇప్పుడు వద్దని బతిమాలేదీ నేనే. "మార్చేస్తాను అత్తా. చైనాలో ఎవరో పెంచుకున్నారని రాస్తాను. పెళ్ళయిందని, పిల్లలని... ఆయన వేస్తే వేస్తాడు, లేకపోతే పొయ్యిలో పెడతాను."

"నోర్ముయ్! ఇప్పుడే నిద్రపోయిన పిల్లని లేపుతావా?"

పుస్తకం ఆమెకి పట్టలేదు. ఆమె కావాలన్నది ఆ పిల్ల ఎక్కడో ఒకచోట పడుకోవడం.

అత్తే మళ్ళీ అంది: "ఒక్కటి మార్చు. ఒంటరిగా వద్దు. ఎవరో ఒక ఆడమనిషిని పక్కన కూర్చోబెట్టు. నీ సొమ్మేం పోదుగా."

కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను. నూనె కాగుతుండగా ఒక ముసలామె వచ్చింది. నడవలేక ఆగిపోతే సొంతవాళ్ళే వదిలేసి పోయారు. పాక్కుంటూ బండ చాటుకి చేరి, పిల్ల కాళ్ళు రెండూ తన గొర్రెతోలు కోటు లోపల, పొట్టకి ఆనించుకుంది. లాలిపాట కూడా పాడింది. గాలిలో అది నాకు వినబడలేదు, అందుకని ఆ పాట రాయలేదు. అత్తకి చదివాను.

"మంచి మనిషి" అంది.

పిండిముక్కలు గుప్పిట్లోకి తీసుకుని పేర్లు అంది. అమ్మ, నాన్న, తన అన్న అయిన మా నాయన పేరు, పెనిమిటి. ఆగింది. తర్వాత, ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో గురువారం పలకని పేరు, బూరుల్ అని పిలిచింది. ముక్కలు నూనెలో పడి చిటపటలాడాయి. వాసన గది నిండి, తలుపు సందులోంచి మంచు మీదికి పోయింది.

ఇంకో గుప్పెడు తీసుకుని నావైపు తిరిగింది.

"ఆ ముసలామె పేరేంటి?"

"పేరు లేదు అత్తా. ఇప్పుడేగా పుట్టింది."

"ఇప్పుడే పుట్టి ఇప్పుడే పోయిందా పాపం! చెప్పరా. మన పిల్ల కాళ్ళు వెచ్చబెట్టినామె. ఆకలితో పంపుతామా?"

నూనె పొగలేస్తోంది. నాకు తెలిసిన పేర్లన్నీ వెతికాను. ప్రతి పేరూ ఎవరిదో ఒకరిది. అత్త గుప్పిట చాచుకుని నిలబడే ఉంది.

"జంగీల్" అన్నాను.

"ఎవరి కూతురు?"

"తెలీదు."

"కనుక్కో. వచ్చే గురువారం అడుగుతా" అని, జంగీల్‌ని పిలిచి, పిండిముక్కలు నూనెలోకి వదిలింది.