అంబులెన్స్ ఇంజిన్ దించిన రోజు

అట్‌బాషీ లోయలో చాలామంది బండ్లు నడిపారుగానీ, అక్కడి ఒక కొండ ఊరివాళ్లకి అంబులెన్స్ డ్రైవరంటే కల్ముర్జా ఒక్కడే. అతను ఉద్యోగం మానిన ఏడాదే ఆసుపత్రివాళ్లు పాత బండిని తుక్కు కింద అమ్మకానికి పెడితే, తనే కొని ఇంటికి తెచ్చుకున్నాడు. అచ్చు దిమ్మ రొట్టెలా ఉంటుంది కాబట్టి అక్కడ అందరూ దాన్ని రొట్టె బండి అంటారు. కొన్నేళ్లు గడ్డికీ, సంతకీ, పెళ్లిళ్లకీ తిప్పాడు. తర్వాత కళ్లు మసకబారాయి. ఒకరోజు వంతెన మీద ఎవరివో గొర్రెలు వెంట్రుకవాసిలో తప్పించుకున్నాయి. ఇంటికొచ్చి తాళంచెవి భార్య సైరాష్ చేతిలో పెట్టి, ఇక నావల్ల కాదన్నాడు.

అప్పట్నుంచీ బండి గడ్డివామి పక్కన నిలబడి ఉంది. రోజూ పొద్దున్నే తాళంచెవి అడిగి తీసుకుని, టీ గిన్నెతో అందులో కూర్చుని, కాసేపు ఇంజిన్ తిరగనిచ్చి ఆపేసేవాడు.

ఆ వసంతంలో, వీధి చివరుండే గొర్రెలకాపరి రిస్కెల్దీ వాళ్లింటికి వచ్చాడు. అతనిదీ అలాంటి బండే. చలికాలంలో ఇంజిన్లోంచి నీళ్లు తీసెయ్యడం మరిచిపోతే, అవి గడ్డకట్టి ఇంజిన్ పగిలిపోయింది. మందతో కొండమీది బీళ్లకి వెళ్లే రోజులు దగ్గరపడ్డాయి. వచ్చినవాడు రొట్టె, మీగడ తిన్నాడు, గడ్డి గురించీ గొర్రెల ఈతల గురించీ మాట్లాడాడు, లేచి వెళ్లిపోయాడు.

"ఇంజిన్ అడుగుదామని వచ్చాడు. నోరు రాక వెళ్లిపోయాడు" అంది సైరాష్, గేటు వేసి వస్తూ.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నారా?"

"అడిగితే కాదనలేను. అందుకే గడ్డి మాట ఎత్తి వదల్లేదు."

సైరాష్ గిన్నెలు సర్దుకుంటూ, "పొద్దున్నే ఆ బండిలోకి దూరి తలుపేసుకుంటారు. మనిద్దరికీ పడట్లేదని ఊరంతా అనుకుంటోంది" అంది. కల్ముర్జాకి నవ్వు రాలేదు. ఆ మాట మనసులో తిరుగుతూనే ఉంది. చివరికి తనే రిస్కెల్దీ గుమ్మం ముందు నిలబడి, ఇంజిన్ ఇస్తానని, ఆదివారం బరువులెత్తే చైన్ పుల్లీ, ఒక లావాటి ఇనప గొట్టం తీసుకుని, తమ్ముణ్ణీ వెంటబెట్టుకు రమ్మని చెప్పి వచ్చేశాడు.

ఆ బండిలో ఇంజిన్ ముందు కాదు, డ్రైవరుకీ పక్క సీటుకీ మధ్య పెద్ద మూత కింద ఉంటుంది. పైకెత్తి తీసే దారి లేదు, తలుపులోంచి లాగాలి. అన్నదమ్ములు సీట్లూ మూతా ఊడదీశారు. నీళ్లూ నూనే బయటికి వదిలేసి, రేడియేటర్ తీసి, వైర్లు విప్పారు. ఏ వైరు ఎక్కడిదో కల్ముర్జా గుడ్డపీలికలు కట్టించాడు. గేర్‌బాక్స్‌ని పట్టుకున్న బోల్టుల్లో పైదొకటి మాత్రం కదల్లేదు. దాని మీద కిరోసిన్ పోసి, నానేదాకా టీకి కూర్చున్నారు.

అప్పుడే కర్ర ఊతంగా బత్మా వచ్చింది. అది అంబులెన్స్‌గా తిరిగినన్నేళ్లూ పక్క సీట్లో కూర్చున్న మంత్రసాని ఆమే. కల్ముర్జా కంటే పెద్దది. ఊడదీసిన మూతని చూసి, దాని మీద అరచెయ్యి వేసి ఉంచింది.

"దీని మీదే కదరా ఆ పిల్లాణ్ణి పడుకోబెట్టాం, కనుమ దారిలో మంచుకి చిక్కుకుపోయినప్పుడు" అంది.

ఆ రోజు కల్ముర్జాకి బాగా గుర్తుంది. మిట్టమధ్యాహ్నం, ఎదుట చెయ్యి చాస్తే కనపడని మంచు. వెనక ఎవరో కాపరి భార్య పురిటి నొప్పుల కేకలు. బిడ్డ పుట్టగానే బత్మా కంబళిలో చుట్టి వెచ్చటి మూత మీద పెట్టింది. పెట్రోలు అయిపోతే బిడ్డ చల్లబడిపోతుందని, ఇంజిన్ ఆగకుండా, ఎక్కువ తాగకుండా, కాలు బిగబట్టి కూర్చున్నాడు. ట్రాక్టరు దారి చేసుకుంటూ వచ్చేదాకా ఆ కాలు తియ్యలేదు.

"పిల్లాడు కాదక్కా, పిల్ల" అన్నాడు.

"నాకు తెలీదూ? చేతుల్లోకి తీసుకున్నదాన్ని నేను. నీ పేరు పెడతామన్నారు కూడా. ఆడపిల్లకి కల్ముర్జా అని పెడతారట్రా?"

"నా పేరు పెడతామన్నది వేరేవాళ్లు. ఇంకోసారి సంగతి."

"నీకు కళ్లే పోయాయనుకున్నా, ఇదీ పోయిందన్నమాట" అని బత్మా తన నుదుటి మీద వేలితో కొట్టి చూపించింది. అన్నదమ్ములు గిన్నెలు అడ్డం పెట్టుకుని నవ్వారు. బత్మా, కల్ముర్జా చాలాసేపు వాదించుకున్నారుగానీ తేలలేదు. ఆ కుటుంబం ఎటు వెళ్లిందో ఇద్దరికీ తెలియదు. అడుగుదామంటే ఎవరూ లేరు.

నానిన బోల్టు మూలుగుతూ ఊడింది. ఇనప గొట్టాన్ని రెండు తలుపుల్లోంచీ అడ్డంగా దూర్చి, కొసల్ని దుంగల మీద ఆనించి, పుల్లీ వేలాడదీశారు. గొలుసు బిగిసింది, ఇంజిన్ కదిలింది, కొద్దిగా ఊగుతూ పైకి లేచింది. దాన్ని తలుపు వైపు మెల్లగా జరుపుతుంటే కల్ముర్జా రెండు చేతులూ దానికి ఆనించి నడిచాడు. చివరికది బయట పరిచిన గొర్రెతోలు మీదికి దిగింది. బండి లోపల ఇంజిన్ ఉన్న చోట కంతలోంచి కింద నేల కనపడుతోంది, కొత్త గడ్డి పరకలతో సహా. అటు చూడలేక పెరట్లోకి వెళ్లి, చేతుల జిడ్డు వదలకపోయినా చాలాసేపు కడుక్కున్నాడు. సైరాష్ తువ్వాలు పట్టుకుని నిలబడింది.

కొత్త చోట ఇంజిన్ బిగించడానికి కొన్నాళ్లు పట్టింది. బీళ్లకి బయల్దేరే రోజు రిస్కెల్దీ బండి తెచ్చి గేటు ముందు ఆపాడు.

"మీరూ రండి బాబాయ్. దారిలో మొరాయిస్తే నాకేం అర్థమవుతుంది?"

సైరాష్ వెనక మూటల మధ్య సర్దుకుంది. కల్ముర్జా ముందు కూర్చున్నాడు. ఊరు దాటేదాకా గేరు తగ్గించమనీ, అంత తొక్కొద్దనీ చెబుతూనే ఉన్నాడు. ఎత్తు మొదలయ్యాక మాటలు తగ్గాయి. ఇంజిన్ ఒకే తీరున మోగుతోంది. సగం దారిలో అతని తల కిటికీకి వాలింది. గురక వినపడింది. ఆ కనుమ దారిలో అతను జీవితంలో ఎప్పుడూ కునుకు తీసి ఎరగడు.

కనుమ మీదికి చేరగానే, అలుపు తీర్చుకోవడానికి అందరూ బండి ఆపే చోట రిస్కెల్దీ కాలు బ్రేకు మీదికి వెళ్లింది. వెనకనుంచి సైరాష్ అతని భుజం తట్టింది.

"ఆపకు నాయనా. చప్పుడాగితే లేస్తారు."

రిస్కెల్దీ ఆపకుండానే అవతలి వైపుకి దిగాడు.